అన్నీ మొలలు కావు – పెద్దప్రేగు క్యాన్సర్ గురించి తెలుసుకోవలసిన సంగతులు

మలవిసర్జన సమయంలో రక్తం కనబడితే సరిహద్దు గ్రామాలలో దానికి ఒక పేరు సిద్ధంగా ఉంటుంది. తెలుగువారు మొలలు అంటారు. కన్నడిగులు మూలవ్యాధి అంటారు. తమిళులు మూలం అని, మరాఠీవారు మూళవ్యాధ్ అని, ఒడియావారు అర్శ అని అంటారు. భాష మారినా భావన మారదు. వేడి చేసిందని మజ్జిగ త్రాగడం, కారం మానడం, సంతలో దొరికే పసరుమందు వాడడం, బస్టాండు గోడ మీద 'ఆపరేషన్ లేకుండా మొలలకు వైద్యం' అనే ప్రకటన చూసి వెళ్ళడం – ఈ వరుసలోనే ఆరు నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరం గడచిపోతుంది.

చాలామంది విషయంలో అవి నిజంగా మొలలే. అయితే కొందరిలో ఆ రక్తం పెద్దప్రేగులోనో మలాశయంలోనో పెరుగుతున్న కణితి నుండి వస్తుంది. చూడడానికి రెండూ రక్తమే. పరీక్ష చేయకుండా ఏది ఏదో నిశ్చయంగా చెప్పడం ఎంతటి వైద్యునికైనా సాధ్యం కాదు. మొలలున్న మనిషికి క్యాన్సర్ ఉండదనే నియమం కూడా లేదు. రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చును. కావున 'మొలలు' అనే మాటను పరీక్ష జరిగిన తరువాతనే పలుకవలసి ఉంటుంది.

వ్యాధి ఎక్కడ, ఎట్లా పుడుతుంది

చిన్నప్రేగు ముగిసిన చోట మొదలై, పొట్టను చుట్టి, మలద్వారం వరకు సాగే గొట్టమే పెద్దప్రేగు. దీని పొడవు సుమారు ఒకటిన్నర మీటరు. చివరి 12 నుండి 15 సెంటీమీటర్ల భాగాన్ని మలాశయం అంటారు. జీర్ణమైన ఆహారంలోని నీటిని పీల్చుకొని, మిగిలినదానిని మలంగా మార్చి బయటకు పంపడం ఈ అవయవపు పని.

ఈ గొట్టం లోపలి పొర మీద కొందరికి వయస్సుతో పాటు చిన్న పిలకలు మొలుస్తాయి. వైద్యులు వీటిని పాలిప్‌లు అంటారు. వీటిలో అధికభాగం ఏ హానీ చేయవు. కొన్ని రకాలు మాత్రం మెల్లమెల్లగా పెరిగి క్యాన్సర్‌గా మారుతాయి. ఈ మార్పుకు సాధారణంగా పది సంవత్సరాల వరకు పడుతుంది. పిలక దశలోనే దానిని గుర్తించి తీసివేస్తే అక్కడ క్యాన్సర్ పుట్టే అవకాశమే పోతుంది. వ్యాధి రాకముందే వేరుతో తొలగించగల వీలు చాలా క్యాన్సర్లలో లేదు, దీనిలో ఉంది.

ప్రపంచ గణాంకాల ప్రకారం 2022లో సుమారు 19 లక్షల మందికి కొత్తగా ఈ వ్యాధి వచ్చింది. సుమారు 9 లక్షల మంది మరణించారు. పాశ్చాత్య దేశాలతో పోలిస్తే భారతదేశంలో జనాభా నిష్పత్తిలో రోగులు తక్కువ. అయినా ఇక్కడి ఆసుపత్రులకు వచ్చేవారిలో చిన్న వయస్కులు, వ్యాధి ముదిరిన తరువాత వచ్చేవారు ఎక్కువగా కనబడుతున్నారు.

ఏ లక్షణాలను ఉపేక్షించరాదు

మలంలో రక్తం మొదటి లక్షణం. అది ఎర్రగా చుక్కలుగా పడవచ్చు, మలంతో కలిసి ముదురు రంగులో ఉండవచ్చు, జిగురుతో కలిసి రావచ్చు.

రెండవది, విసర్జన అలవాటు మారడం. ఎన్నో ఏళ్ళుగా రోజుకొకసారి వెళ్ళే మనిషికి ఉన్నట్టుండి మలబద్ధకం రావడం, లేదా విరేచనాలు కావడం, లేదా ఒకదాని వెంట ఒకటి మారుతుండడం మూడు నాలుగు వారాలకు మించి సాగితే వైద్యునికి చెప్పవలెను. మలం సన్నగా రావడం, వెళ్ళివచ్చినా ఇంకా మిగిలి ఉన్నట్లు అనిపించడం కూడా ఇటువంటివే.

మూడవది, కారణం తెలియని రక్తహీనత. పెద్దప్రేగు కుడివైపున కణితి ఉంటే రక్తం కొద్దికొద్దిగా కారి మలంలో కలిసిపోతుంది, కంటికి కనబడదు. మనిషి పాలిపోతాడు, నాలుగడుగులు వేస్తే ఆయాసపడతాడు. ఐరన్ మాత్రలు ఇస్తే కొంత తేరుకొని మళ్ళీ నీరసిస్తాడు. పురుషులలోను, ముట్లుడిగిన స్త్రీలలోను ఇనుము లోపం వల్ల రక్తహీనత కనబడితే మాత్రలతో సరిపెట్టక, రక్తం ఎక్కడ పోతున్నదో వెదకవలసి ఉంటుంది.

వీటితో పాటు కారణం లేకుండా బరువు తగ్గడం, తరచుగా కడుపునొప్పి రావడం గమనించదగినవి. కడుపు ఉబ్బి, వాంతులై, మలమూ వాయువూ రెండూ ఆగిపోతే ప్రేగు మూసుకుపోయిందేమోనని అనుమానించి ఆ గంటలోనే ఆసుపత్రికి చేర్చవలెను.

ఒక చిన్న విషయం ఇక్కడ చెప్పుకోవాలి. చీకటితో లేచి చేలగట్లకు వెళ్ళిన రోజులలో మలంలో రక్తాన్ని చూసే వీలే చాలామందికి ఉండేది కాదు. ఇప్పుడు ఇంటింటా మరుగుదొడ్డి ఉన్నా, చూడకుండానే చెంబుడు నీళ్ళు పోసే అలవాటు పోలేదు. నీళ్ళు పోసే ముందు ఒకసారి చూడడం అసహ్యం కాదు, ఖర్చులేని జాగ్రత్త.

ఎవరు మరింత జాగ్రత్త వహించాలి

50 ఏళ్ళు దాటినవారికి ప్రమాదం ఎక్కువ. అయితే చిన్న వయస్సులోనూ ఈ వ్యాధి వస్తున్నందున అమెరికా వైద్య నిపుణుల సంఘం 2021లో పరీక్షలు మొదలుపెట్టవలసిన వయస్సును 50 నుండి 45కు తగ్గించింది. పొగాకు, మద్యం, స్థూలకాయం, శరీరశ్రమ లేకపోవడం, పీచు తక్కువైన ఆహారం వ్యాధికి దోహదం చేస్తాయి. ఉప్పు పట్టించో, పొగబెట్టో నిల్వచేసిన మాంసం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన పరిశోధనా విభాగం 2015లో ప్రకటించింది. కోలారు ప్రాంతపు రాగిసంకటి, బళ్ళారి, రాయచూరు వైపు జొన్నరొట్టె, ఆకుకూరలు, పప్పులు ప్రేగుకు మేలు చేసే ఆహారమే. అయితే ఇవి ప్రమాదాన్ని తగ్గిస్తాయే గాని వచ్చిన వ్యాధిని నయం చేయవు.

అన్నింటికంటె జాగ్రత్తగా ఆలోచించవలసినది వంశచరిత్ర. 1895లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే వైద్యునితో ఒక దర్జీ పని చేసే స్త్రీ, తమ కుటుంబంలో ఎందరో క్యాన్సర్‌తోనే పోయారని, తానూ అట్లాగే పోతానని చెప్పింది. ఆమె మాట నిజమైంది. వార్తిన్ ఆ కుటుంబపు వివరాలు సేకరించి 1913లో ప్రచురించాడు. తరువాత 1960వ దశకంలో హెన్రీ లించ్ ఈ పరిశోధనను కొనసాగించాడు. అందుకే వంశపారంపర్యంగా పెద్దప్రేగుకు, గర్భాశయానికి క్యాన్సర్ తెచ్చే ఈ స్థితికి లించ్ సిండ్రోమ్ అనే పేరు వచ్చింది. తల్లిదండ్రులలో ఒకరికి ఈ లోపం ఉంటే ప్రతి బిడ్డకూ సంక్రమించే అవకాశం 50 శాతం.

సరిహద్దు కుటుంబాలకు ఇందులో ఒక చిక్కు ఉంది. మేనమామ అనంతపురంలో, పెద్దమ్మ బళ్ళారిలో, మేనత్త హోసూరులో ఉంటారు. మేనమామకు 48వ ఏట ప్రేగు ఆపరేషన్ జరిగిన సంగతి ఒక రాష్ట్రపు ఆసుపత్రి కాగితాలలో, పెద్దమ్మకు గర్భాశయం తీసిన సంగతి మరొక రాష్ట్రపు కాగితాలలో ఉండిపోతుంది. రెండింటినీ కలిపి చూసే వైద్యుడు ఉండడు. వాటిని కలపగలిగేది ఇంటిలోని పెద్దలే. పెళ్ళికో, కర్మకో బంధువులంతా కలిసినప్పుడు ఎవరికి ఏ వ్యాధి, ఏ వయస్సులో వచ్చిందో అడిగి ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచడం మంచిది. తల్లి, తండ్రి, తోబుట్టువులు, సంతానం – వీరిలో ఒకరికి ఈ వ్యాధి వస్తే, మిగిలినవారు 40వ ఏట, లేదా రోగికి వ్యాధి బయటపడిన వయస్సుకు పదేళ్ళు ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలని నిపుణులు చెబుతారు. తండ్రికి 45వ ఏట వస్తే కొడుకు 35వ ఏటనే చూపించుకోవాలన్నమాట.

పరీక్షలు ఏమిటి

మొదటి పరీక్షకు యంత్రమేదీ అవసరం లేదు. వైద్యుడు చేతితొడుగు వేసుకొని మలద్వారం గుండా వ్రేలితో తడిమి చూస్తాడు. రెండు నిమిషాల పని. మలాశయంలోని కణితులలో చాలావాటిని ఈ విధంగానే కనిపెట్టవచ్చును. సిగ్గుపడి రోగి ఒప్పుకోకపోవడం, రద్దీలో వైద్యుడు చేయకపోవడం – ఈ రెండు కారణాల వల్లనే ఈ అవకాశం జారిపోతుంది. స్త్రీలు మహిళా వైద్యురాలిని కోరవచ్చును, తోడుగా ఇంటి ఆడవారిని గదిలో ఉంచుకోవచ్చును.

రెండవది మలపరీక్ష. కంటికి కనబడని రక్తాన్ని ఇది పట్టుకుంటుంది. ఇందులో ఫిట్ అనే కొత్త పద్ధతికి పథ్యం అవసరం లేదు. లక్షణాలేవీ లేనివారు ఏడాదికొకసారి చేయించుకునే పరీక్ష ఇది. రక్తం ఉన్నట్లు తేలితే కొలనోస్కోపీకి వెళ్ళాలి. ఒక హెచ్చరిక ముఖ్యం. కంటికి రక్తం కనబడుతున్నవారు మలపరీక్షలో ఏమీ తేలలేదని ఊరుకోరాదు. వారికి ప్రేగు లోపల చూడడమే సరియైన మార్గం.

మూడవది కొలనోస్కోపీ. చివర కెమెరా ఉన్న, వంగే గొట్టాన్ని మలద్వారం గుండా పంపి ప్రేగు అంతటినీ చూస్తారు. ముందురోజు తేలికపాటి ఆహారం ఇచ్చి, విరేచనమందు కలిపిన నీటిని కొన్ని గంటలపాటు త్రాగిస్తారు. పరీక్షకంటె ఈ సన్నాహమే కష్టమని చాలామంది అంటారు. పరీక్ష అరగంట నుండి ముప్పావుగంట వరకు పడుతుంది. మత్తు ఇస్తారు గనుక పెద్దగా నొప్పి తెలియదు. ఆ రోజు తోడు ఒకరు ఉండాలి. మధుమేహానికి, రక్తం పలచబడడానికి మందులు వాడేవారు ముందే చెప్పాలి. పిలకలు కనబడితే అప్పుడే తీసివేస్తారు. అనుమానం ఉన్నచోట చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపుతారు. ముక్క తీస్తే వ్యాధి ప్రాకుతుందనే మాటకు ఆధారం లేదు. ప్రేగుకు గాయమయ్యే ప్రమాదం చాలా అరుదు. సాధారణ ప్రమాదస్థాయి గలవారిలో ఏమీ లేదని తేలితే మరల పదేళ్ళ వరకు ఈ పరీక్ష అవసరం ఉండదు.

ఇక్కడ ఒక వాస్తవం గుర్తుంచుకోవాలి. 30 ఏళ్ళు దాటినవారికి ప్రభుత్వం గ్రామస్థాయిలో జరిపే క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం – ఈ మూడింటికే ఉద్దేశించినవి. పెద్దప్రేగుకు అటువంటి జాతీయ కార్యక్రమం లేదు. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ఈ విషయం అడుగుతుందని ఎదురుచూడడం తగదు. అడగవలసినది, చెప్పవలసినది ఇంటివారే. రక్తం, మలం అనే రెండు మాటలు కన్నడ, తమిళ, మరాఠీ, ఒడియా భాషలలోనూ కొద్ది మార్పుతో అర్థమవుతాయి. 'మలంలో రక్తం, ఇన్ని వారాల నుండి' అని చెప్పగలిగితే ఏ రాష్ట్రపు ఆసుపత్రిలోనైనా వైద్యునికి సగం సంగతి తెలిసినట్లే.

వ్యాధి ఉందని తేలితే

భయపడి ఇంటికి తిరిగి రావడమే ఇప్పుడు చేయగల పెద్ద పొరపాటు. అమెరికా లెక్కల ప్రకారం వ్యాధి ప్రేగు గోడ దాటకముందే కనిపెట్టినవారిలో 100కు సుమారు 90 మంది ఐదేళ్ళు దాటి జీవిస్తున్నారు. దూరపు అవయవాలకు ప్రాకిన తరువాత ఆ సంఖ్య 15 దగ్గరకు పడిపోతుంది. రోగి చేతిలో ఉన్నది కాలమే.

పెద్దప్రేగు కణితికి ప్రధాన చికిత్స శస్త్రచికిత్స. కణితి ఉన్న భాగాన్ని, చుట్టుపక్కల గ్రంథులను తీసివేసి రెండు కొనలను కలుపుతారు. గ్రంథులకు వ్యాధి చేరి ఉంటే తరువాత మూడు నుండి ఆరు నెలలు కీమోథెరపీ ఇస్తారు. మలాశయంలోని కణితి పెద్దదైతే ముందుగా రేడియేషన్, మందులు ఇచ్చి, అది కుంచించుకుపోయిన తరువాత శస్త్రచికిత్స చేస్తారు. కాలేయానికి కొద్దిగా ప్రాకినవారిలో కూడా కొందరికి శస్త్రచికిత్సతో మేలు జరుగుతుంది.

కీమోథెరపీ జరుగుతున్న రోజులలో 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు మించి జ్వరం వస్తే తెల్లవారేవరకు ఆగరాదు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆక్సాలిప్లాటిన్ అనే మందు తీసుకునేవారికి చల్లని వస్తువులు తాకితే వ్రేళ్ళు జివ్వుమంటాయి. వారు గోరువెచ్చని నీరే వాడాలి. నాటుమందు ఏదైనా వాడుతుంటే దాచకుండా చెప్పాలి.

పొట్ట మీది సంచి

రోగులను, ముఖ్యంగా పడుచువారిని ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. కొన్ని శస్త్రచికిత్సలలో ప్రేగు కొనను పొట్ట మీదకు తెచ్చి అమర్చుతారు. దీనిని స్టోమా అంటారు. మలం అక్కడ తగిలించిన సంచిలో చేరుతుంది. చాలామందికి ఇది కొన్ని నెలల ముచ్చటే, కుట్లు మానిన తరువాత తిరిగి లోపలికి కలుపుతారు. మలద్వారానికి బాగా దగ్గరగా కణితి ఉన్న కొందరికి మాత్రం శాశ్వతంగా ఉంటుంది.

స్టోమా ఎర్రగా, తడిగా ఉండడం సహజం. తాకితే నొప్పి ఉండదు. నల్లగా, ఊదారంగుగా మారితే వెంటనే వైద్యునికి చూపాలి. సంచి మూడవ వంతు నిండగానే ఖాళీ చేయాలి. సంచి రంధ్రాన్ని స్టోమా కొలతకు సరిగా కత్తిరిస్తే చుట్టూ చర్మం పుండు పడదు. చిన్నప్రేగును పైకి తెచ్చినవారికి మలం నీళ్ళగా వస్తుంది గనుక ఉప్పు వేసిన గంజి, ఓఆర్ఎస్ ద్రావణం త్రాగుతుండాలి. గాయం మానిన తరువాత స్నానం చేయవచ్చు, పొలానికి వెళ్ళవచ్చు, బస్సెక్కవచ్చు. భారమైన బరువులు ఎత్తడం మాత్రం వైద్యుని అడిగి చేయాలి. ముంబయిలోని ఆస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ఇటువంటి వారికోసమే పనిచేస్తున్నది.

ఇంటివారి బాధ్యత కూడా తక్కువేమీ కాదు. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. రోగికి కంచం, మంచం వేరుచేయనవసరం లేదు. ఇంట్లో పెళ్ళికెదిగిన ఆడపిల్ల ఉందని వ్యాధిని దాచిపెట్టి, చికిత్స వాయిదా వేసే కుటుంబాలున్నాయి. దాచడం వల్ల వ్యాధి ముదరడమే గాక, ఆ పిల్లకూ ఆమె తోబుట్టువులకూ అందవలసిన హెచ్చరిక అందకుండా పోతుంది. రోగి వద్ద కూడా అంతా దాచడం మంచిది కాదు. తన శరీరానికి ఏమి జరుగుతున్నదో తెలిసినవాడే మందు మానకుండా వాడతాడు.

ఎక్కడికి వెళ్ళాలి, ఏ కాగితాలు ఉంచుకోవాలి

కోలారు, బళ్ళారి, హోసూరు వారికి బెంగళూరులోని కిద్వాయి సంస్థ ఉంది. తిరుత్తణి ప్రాంతపు వారికి తిరుపతి, వేలూరు, చెన్నైలోని అడయారు క్యాన్సర్ సంస్థ అందుబాటులో ఉన్నాయి. రాయగడ, బరంపురం వారు కటక్‌లోని ఆచార్య హరిహర సంస్థకు గాని, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి గాని వెళ్ళవచ్చును. యానాం వారికి విశాఖపట్నం దగ్గర, పుదుచ్చేరిలో జిప్మర్ ఉంది. సిరోంచ వైపు వారికి నాగపూరు, హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రి ఉన్నాయి.

దగ్గరి ఆసుపత్రి ఒక రాష్ట్రంలో, రేషను కార్డు మరొక రాష్ట్రంలో ఉండడం సరిహద్దువాసుల అసలు కష్టం. రాష్ట్ర ప్రభుత్వాల ఆరోగ్య పథకాలు సాధారణంగా ఆ రాష్ట్రపు కార్డు ఉన్నవారికే వర్తిస్తాయి. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకంలో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స లభిస్తుంది. ఆ కార్డు ఉన్నవారు ఇతర రాష్ట్రాలలోని గుర్తింపు పొందిన ఆసుపత్రులలోనూ చేరవచ్చును. 70 ఏళ్ళు నిండినవారందరికీ ఆదాయంతో నిమిత్తం లేకుండా 2024 నుండి ఈ పథకం వర్తిస్తున్నది. అయినా బయలుదేరే ముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి, తమ కార్డు అక్కడ చెల్లుతుందో లేదో నిర్ధారించుకోవాలి.

చికిత్సకు వెళ్ళే క్యాన్సర్ రోగికి రైలులో స్లీపర్, థర్డ్ ఏసీ తరగతులలో పూర్తి రాయితీ, తోడు వెళ్ళే ఒకరికి 75 శాతం రాయితీ ఉంది. నిర్ణీత పత్రం మీద వైద్యుని సంతకం తీసుకొని టిక్కెట్టు కౌంటరులో చూపాలి. బయాప్సీ రిపోర్టు, స్కానింగ్ కాగితాలు, ఆపరేషన్ వివరాలు, కార్డుల నకళ్ళు ఒకే సంచిలో తేదీల వరుసన ఉంచుకోవాలి. ఆసుపత్రి మారితే పరీక్షలన్నీ మళ్ళీ మొదటినుండి చేయించే ఖర్చు చాలావరకు తప్పుతుంది.

చికిత్స ముగిసిన తరువాత కూడా మొదటి ఐదేళ్ళు వైద్యుడు చెప్పిన గడువులలో రక్తపరీక్ష, స్కానింగ్, కొలనోస్కోపీ చేయించుకోవాలి. బాగానే ఉన్నామని మానివేయరాదు.

రక్తం కనబడిన రోజు నుండి వైద్యుడు ప్రేగును చూసే రోజు వరకు గల వ్యవధిని తగ్గించడం ఇంటివారి చేతిలోనే ఉంది. పరీక్షలో మొలలేనని తేలితే ఒక దినం పని, కొంత డబ్బు పోతుంది. మొలలేనని అనుకొని పరీక్ష మానితే పోయేది మనిషి కావచ్చును. ఇంటిలో పెద్దవారెవరైనా ఈ మాట చెప్పడానికి సిగ్గుపడుతుంటే, పిల్లలే చొరవ తీసుకొని అడగడం మంచిది.